బొమ్మల కొలువులో క్రోమియం గని

ఆ రోజుల్లో మద్రాసులో డాక్టరీ చదివినవాడికి ఇంట్లో కుర్చీ వేసేవాళ్ళు, లా చదివినవాడు వస్తే పక్కింటివాళ్ళు కూడా లేచి నిలబడేవాళ్ళు, రాళ్ళు చదివినవాడికి మాత్రం ఎవరూ ఏమీ చేసేవాళ్ళు కాదు. నేను రాళ్ళు చదివాను. భూగర్భశాస్త్రం అని నోరారా చెప్పినా, విన్నవాళ్ళు కాసేపు ఆలోచించి, "అంటే బావులు తవ్వేదా నాయనా" అనేవాళ్ళు. మా వీధి చివర కాఫీ హోటలాయన అయితే, నేను పట్టా పుచ్చుకున్న వారంలోనే తన పెరట్లో నీళ్ళు ఎక్కడ పడతాయో చూసిపెట్టమని అడిగి, నేను ఎండలో నిలబడి చూసిపెట్టాక, తాగిన కాఫీకి డబ్బులు తీసుకున్నాడు. (నీళ్ళు పడ్డాయి. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.) ఇలాంటివి నేను మరచిపోను. మరచిపోవడం మంచి గుణమని చాలామంది నాకు బోధించారు. బోధించినవాళ్ళలో ఎక్కువమంది నాకేదో ఒకటి చేసినవాళ్ళే.

అయితే ఇవన్నీ చిన్నవి. అసలు అన్యాయం ఇంకొకటుంది. కొండపల్లి వైపు కొండల్లో పాడుబడి ఉన్న ఒక చిన్న క్రోమియం గని మా ఇంటిని మింగబోతుంటే ఆపింది నేను. ఆపినందుకు పేరు మాత్రం ఒక పాముకి వచ్చింది. ఆ పాము అసలు లేదు. ఇన్నేళ్ళుగా లేని పాముతో పోటీ పడుతున్న మనిషి బాధ చదివేవాళ్ళకైనా అర్థమవుతుందన్న నమ్మకంతో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా నాయనకి గూడూరులో అభ్రకం కంపెనీలో గుమాస్తా పని. నేను చదువుకోసం తొండియార్‌పేటలో పెదనాయన ఇంట్లో ఉండేవాణ్ణి. ఆంధ్ర విడిపోయిన కొత్తలు. పట్నం ఎవరిదన్న వాదన వీధి అరుగుల మీద ఇంకా చల్లారలేదు గానీ పెదనాయనకి దానితో పనిలేదు. ఆయన కోపం వస్తే తమిళంలోనూ, ముద్దొస్తే తెలుగులోనూ మాట్లాడుతూ రెండు వైపులా నెగ్గుకొచ్చేవాడు. రాయపురంలో హార్బరు గోడ పక్కన ఆయనకొక యార్డు ఉండేది. ఓడలెక్కబోయే ఖనిజాలు, పాత ఇనుము అక్కడ కుప్పలుగా పోసి ఉండేవి. గాలి ఒకవైపు నుంచి వీస్తే చేపల వాసన, ఇంకోవైపు నుంచి వీస్తే తుప్పు వాసన. ఆ యార్డే మా ఇంటి బియ్యం, మా ఇంటి కాఫీ, నా కాలేజీ ఫీజు, తొలికాన్పుకి పుట్టింటికి వచ్చి ఉన్న మా అక్క (పెదనాయన కూతురు) మెళ్ళో గొలుసు. పెదనాయన ఏ రాయినైనా అరచేతిలో వేసుకుని ఎగరేసి పట్టుకుని అదేమిటో చెప్పేసేవాడు. చాలాసార్లు సరిగ్గానే చెప్పేవాడు. ఆ ధైర్యంతో భూమి లోపల ఏముందో కూడా తనకి తెలుసనుకునేవాడు.

ఆ ఏడు దసరాకి ముందు వానల్లో బెజవాడ నుంచి ఒకాయన దిగాడు. మేమంతా బెజవాడాయన అనే అనేవాళ్ళం. తెల్లటి పంచె, నున్నటి మాట. సంచీలోంచి నిమ్మకాయంత నల్లరాయి తీసి బల్ల మీద పెట్టాడు. పెదనాయన దాన్ని ఎగరేశాడు, పట్టుకున్నాడు, ఆ బరువుకి చెయ్యి కిందికి దిగింది, మొహం వెలిగింది. క్రోమైటు, అంటే క్రోమియం ఉండే ఖనిజం. తోళ్ళు పదును చేయడానికీ, ఇనుము కరిగించే కొలుముల ఇటుకలకీ, సైకిలు హ్యాండిళ్ళ మీద మెరుపు పూతకీ అన్నిటికీ మూలం అదే. ఆ రాయి వచ్చిన గని కౌలు తన చేతిలో ఉందనీ, దొరల కాలంలో పైపైన గోకి వదిలేశారనీ, అడుగున బోలెడుందనీ, తనకే ఓపిక లేదనీ చెప్పాడు బెజవాడాయన. ఆయన అడిగింది డబ్బు కాదు. గని పెదనాయన తీసుకోవాలి, రాయపురం యార్డు తనకివ్వాలి. మార్పిడి. విజయదశమి నాడు సంతకాలు.

ఇక్కడ నేను ఊరుకోలేకపోయాను. ఎందుకంటే ఆ గనిని నేను చూశాను. ఆ ఏడాదే మా ప్రొఫెసరు మమ్మల్ని రైలెక్కించి తీసుకెళ్ళి, కొండ చుట్టూ తిప్పి, ఆ గుంటలోకి దింపి చూపించాడు. ఆ రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. భూమి లోపల రాయి కరిగి ఉండి చల్లారేటప్పుడు, క్రోమైటు బరువు గనక అడుగుకి దిగి పొరగా పేరుకుంటుంది, పాయసంలో సగ్గుబియ్యం దిగినట్టు. ఆ తర్వాత కొండలు నలుగుతాయి, ముడతలు పడతాయి, ఆ పొర తెగి ముక్కలవుతుంది. ఒక్కో ముక్క మధ్యలో లావు, కొసల్లో సన్నం. కజ్జికాయను నిలువునా కోస్తే లోపల పూర్ణం ఎలా కనిపిస్తుందో అలా. దాని చుట్టూ పచ్చటి రాయి, ముట్టుకుంటే సబ్బులా జారుతుంది. మేము గుంట గోడ పట్టుకుని నడిచాం. నల్లపొర మొదట చేతి మందం ఉంది, తర్వాత వేలి మందం, తర్వాత దారమంత, ఆ తర్వాత ఏమీ లేదు. పచ్చరాయి మీద పచ్చరాయి. రెండో కొస కూడా అంతే. కజ్జికాయలో పూర్ణం దొరలే తినేసి వెళ్ళారు. యుద్ధం రోజుల్లో గిరాకీ పెరిగి పగలూ రాత్రీ తవ్వారట, ఆడవాళ్ళు తట్టల్లో మోసుకొచ్చి బండ్లకెత్తితే, బండ్లు రైలుకి, రైలు మన హార్బరుకి. ఒకనాడు నలుపు తెగిపోయింది. వానకి గుంటలో నీళ్ళు నిండాయి. నీళ్ళు తోడే ఇంజను విప్పి తీసుకుని, దొరలు దేశాన్ని వదలకముందే ఆ గనిని వదిలేశారు. నేను చూసినప్పుడు అందులో కప్పలుండేవి. ఇంత కథ ఉన్న గుంట అది. కొండపల్లి అంటే లోకానికి బొమ్మలొక్కటే తెలుసు. ఇది కూడా ఒక అన్యాయమే గానీ దాని సంగతి తర్వాత.

బెజవాడాయన ముందే ఇదంతా చెబుదామని నిలబడ్డాను.

"పెదనాయనా, ఆ గనిలో ఉండింది లోపలికి సాగిపోయే తీగ కాదు, తెగిన ముక్క. ఆ ముక్క రెండు వైపులా..."

"ఉండు అబ్బయా," అన్నాడు పెదనాయన నా వైపు చూడకుండానే. "నువ్వు రాళ్ళు చదివినోడివి. నేను రాళ్ళు అమ్మినోణ్ణి. పెద్దోళ్ళు మాట్లాడతా ఉండారు గదా. లోపలికి పోయి ఆయనకి కాఫీ చెప్పు."

బెజవాడాయన చిరునవ్వు నవ్వాడు. "కుర్రాడు బాగా చదువుకున్నట్టున్నాడండీ. బాబూ, వెళ్తూ వెళ్తూ కాస్త ఈ గొడుగు ఆ మూల పెట్టు."

గొడుగు తడిసి ఉంది. పట్టా పుచ్చుకున్న చేతుల్లోకి నీళ్ళు కారుతుంటే దాన్ని మూలకి తీసుకెళ్ళిన ఆ నాలుగడుగులు నా జీవితంలో చాలా పొడుగైనవి. అంతటితో అయిపోలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర బెజవాడాయన పక్కన నాకు విస్తరి వేశారు, కూర్చోబోతుంటే పెదనాయన, "నువ్వు తర్వాత తిందువులే, ఆయనకి నెయ్యి వడ్డించు" అన్నాడు. వడ్డించాను. కొంచెమే వడ్డించాను.

ఆ మరునాటి నుంచి ఇంట్లో కొలువు సన్నాహాలు మొదలయ్యాయి. మెట్లు కట్టి, తెల్ల పంచె పరిచి, పెద్దమ్మ పెట్టెలోంచి కొండపల్లి బొమ్మలు ఒక్కొక్కటే తీసి తుడిచి పెడుతోంది: అంబారీ ఏనుగు, కల్లుగీసే మనిషి, కుండలెత్తుకున్న ఆడవాళ్ళు, రోకళ్ళతో దంచే జంట. నేను గోడకి ఆనుకుని నా అవమానాలు తలుచుకుంటున్నాను. ప్రతి ఏడూ మెట్ల ముందు నేల మీద తోట కట్టే పని నాది: ఆవాలు చల్లి మొలకెత్తించి, అద్దం పెట్టి చెరువనిపించడం. ఆ బొమ్మల్ని చూస్తూ చూస్తూ నేను ఒక్కసారిగా లేచి నిలబడ్డాను. ఈ బొమ్మలు ఏ ఊళ్ళో పుట్టాయో ఆ ఊరి గనినే వాటి కాళ్ళ దగ్గర కడితే? పెదనాయన నా మాట వినడు, సరే. కానీ పెదనాయన వినే మనిషి ఒకరున్నారు, పెద్దమ్మ. పెద్దమ్మ వినే మనుషులు పేరంటానికొచ్చే ఆడవాళ్ళు. తొమ్మిది రోజులూ తొండియార్‌పేట ఆడవాళ్ళందరి ముందూ ఆ గని కడుపు కోసి చూపిస్తే, అందులో ఏమీ లేదన్న సంగతి పెదనాయన చెవికి అన్ని వైపుల నుంచీ చేరుతుంది.

"పెద్దమ్మా, ఈసారి తోట కాదు, గని కడతా."

"గని అంటే ఏందిరా? ఆడ దేవుడుంటాడా?"

"క్రోమియం ఉంటుంది."

"సరే పో. అది ఉంటే ఉండనీ. ఇల్లు గలీజు చెయ్యబాకు."

మూడు రోజులు నాకు అన్నం మీద ధ్యాస లేదు. మంచి బంకమట్టి కావాలి. మామూలు మట్టి ఆరితే నెర్రెలిచ్చి నా కొండ పగిలిపోతుంది. నెర్రెలివ్వనిది పుట్టమన్ను ఒక్కటే. కొరుక్కుపేట దగ్గర రైలు కట్ట పక్కన ఒక పెద్ద పాత పుట్ట ఉంటే, గోనెసంచీ తీసుకెళ్ళి ఒక పక్క నుంచి తవ్వి తెచ్చాను. (అందులో పాము ఉందేమోనన్న భయం శాస్త్రం చదివినవాడికి ఉండకూడదు. తవ్వే ముందు వెదురుకర్రతో చుట్టూ చాలాసేపు కొట్టాను, అది వేరే సంగతి.) నల్లపొరకి రాయపురం యార్డు మూల పడి ఉన్న అసలైన క్రోమైటు ముక్కలు. పచ్చరాయి మాత్రం దొరకలేదు. అది సబ్బులా జారుతుంది గదా, సబ్బే పెడితే ఏమని వాషర్‌మెన్‌పేట్ పోయి పచ్చరంగు బట్టల సబ్బు కడ్డీలు కొనుక్కొచ్చి, పెద్దమ్మ కొబ్బరి కోరాముతో తురిమి, తడిపి, మట్టికొండ లోపల దట్టంగా కూరాను. (తర్వాత రెండు రోజులు కొబ్బరి పచ్చడి ఏదో వాసన వేస్తోందని అందరూ అన్నారు. నేను అనలేదు.) కొండ ముందు భాగం నిలువునా కోసి పాత పటం అద్దం బిగించాను. అద్దంలోంచి చూస్తే ఎర్రమట్టి, దాని లోపల పచ్చ, ఆ పచ్చలో మధ్య లావుగా కొసలు సన్నగా నల్లటి ముక్క. కొండ నెత్తిన బొటనవేలంత బొక్క, అదే గని మూతి. కల్లుగీసే బొమ్మని గని పనివాడిగా, కుండలెత్తుకున్నవాళ్ళని ఖనిజం మోసేవాళ్ళుగా నిలబెట్టాను. చూసుకుంటే నాకే కళ్ళు చెమర్చాయి. మా ప్రొఫెసరు చూసి ఉంటే ఏమనేవాడో.

అక్క మాత్రం పెద్ద పొట్టతో పీట మీద కూర్చుని, గుగ్గిళ్ళు తింటూ చూసింది. "రాళ్ళోడా," అంది, "నీ కొండకి నోరు ఉండాది గానీ గొంతులో ఏందో అడ్డం పడినట్టుంది."

"అదేనక్కా గని. ఆ నలుపు అయిపోయిందంటే ఇంక ఏమీ లేదు."

"ఇంత కష్టపడి ఏమీ లేదని చెప్పేదానికా కట్టింది?"

అదే నా శాస్త్రం మొత్తానికి సారాంశమని అక్కకి చెప్పాను. ఆమె నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంటే పెద్దమ్మ నన్ను తిట్టింది.

పేరంటాలు మొదలయ్యాయి. రోజూ సాయంత్రం కర్ర పుల్ల పట్టుకుని కొండ పక్కన నిలబడేవాణ్ణి. ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు, పాటలు పాడేవాళ్ళు, పసుపు కుంకుమలు పుచ్చుకునేవాళ్ళు, గుగ్గిళ్ళ పొట్లాం చేతిలో పడగానే వెళ్ళిపోయేవాళ్ళు. నేను మొదలుపెడితే, పాయసం, సగ్గుబియ్యం దాకా బాగానే వినేవాళ్ళు. కొండలు నలిగే చోటికొచ్చేసరికి పక్కవాళ్ళ చీర అంచు చూసుకునేవాళ్ళు. పక్క వాటా తమిళ మామి ఒకావిడ మాత్రం ఓపికగా అంతా విని, "ఇదు ఎన్న, పళని మలయా?" అని, పళని కొండనుకుని అడిగింది. ఎవరో ఒకావిడ తన పొట్లాం కొండ మీద పెట్టి మరచిపోయి వెళ్ళింది. పెదనాయన రోజూ హారతికి వచ్చి, వంగి చూసి, ఒరిగి ఉన్న కల్లుగీసే బొమ్మని సరిచేసి, "బాగుంది" అని వెళ్ళేవాడు. కళ్ళజోడు లేకుండా.

నవమి నాటి సాయంత్రం వచ్చింది. మరునాడు సంతకాలు. బెజవాడాయన్ని ఫలహారానికి పిలిచారు. ఆయనా పెదనాయనా కొలువు గదిలోనే కుర్చీల్లో కూర్చున్నారు. పేరంటాల రద్దీ ఇంకా మొదలు కాలేదు; పెద్దమ్మ, అక్క దీపాలు సర్దుతున్నారు. లోపలి నుంచి ఫలహారం రావడం ఆలస్యమైంది. చేయడానికి ఇంకేమీ లేక పెదనాయన, కళ్ళజోడు పెట్టుకుని ఉన్నాడు గనక, నా కొండ వైపు చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. ఇంతకంటే మంచి ఘడియ రాదని నేను పుల్ల పట్టుకుని దూకాను. పాయసం చెప్పాను, కజ్జికాయ చెప్పాను, చేతి మందం, వేలి మందం, దారం చెప్పాను. బెజవాడాయన దగ్గాడు, కాళ్ళు మార్చుకున్నాడు. పెదనాయన దగ్గలేదు, కదల్లేదు. కుర్చీ ముందుకి జరుపుకుని, అద్దం మీద వేలు పెట్టి, నల్లపొర వెంట నెమ్మదిగా కొస దాకా తీసుకెళ్ళాడు. అక్కడ ఆగి నా మొహంలోకి చూశాడు.

"అయితే అబ్బయా, ఈ నల్లదానికి అవతల ఏముండాది?"

జీవితంలో ఒక మనిషిని ఇంతకంటే గొప్ప ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. నా చదువంతా ఆ ప్రశ్న కోసమే చదివాను. నేను నోరు తెరిచాను. అప్పుడు ఎదురింటి అవ్వ లోపలికి వచ్చింది.

ఎదురింటి అవ్వంటే మా వీధికంతటికీ భయం, భక్తి. చూపు ఆనదు గానీ ఆమె మాట దాటేవాళ్ళు లేరు. ముందురోజు పేరంటానికి వచ్చినప్పుడు నా కొండని చేత్తో తడిమి, చిటికెడు మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపి చూసి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళింది. నా పనితనం మెచ్చుకుందనుకున్నాను. ఆమె వేళ్ళకి అది పుట్టమన్నని తెలిసిపోయింది. పుట్టమన్ను, నెత్తిన బొక్క, మెట్ల ముందు, నవరాత్రుల్లో: ఇంక కావలసిందేముంది? పొద్దుటి నుంచి ఉపవాసముండి, పెద్ద చెంబుడు పాలు పట్టుకుని వచ్చింది. ఎవరైనా నోరు తెరిచేలోపల కొండకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, చెంబు తల దాకా ఎత్తి, ఆ బొక్కలోకి సన్నటి ధారగా పాలు పోయడం మొదలుపెట్టింది.

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం నాకు సంతోషమే వేసింది. అద్దంలోంచి తెల్లటి పాలు గనిలోకి దిగడం కనిపిస్తోంది. "చూడండి పెదనాయనా, నీళ్ళు ఇట్లాగే నిండాయి," అని అరిచాను కూడా. అవ్వ పాలు అయ్యాక నీళ్ళు కూడా పోసింది, అది పద్ధతి. అంత ఎత్తు నుంచి పడ్డ ధార తురిమిన సబ్బులో సుడి తిరిగింది. మొదట అద్దం వెనక చిన్న బుడగలు. తర్వాత పెద్దవి. లోపల చిక్కుకున్న గాలి బయటికి రావడానికి దారి వెతుక్కుంటూ సన్నగా, పొడుగ్గా ఒక చప్పుడు చేసింది. ఆ చప్పుడు వెనకే పుట్ట మూతి నుంచి తెల్లటి నురగ పైకి లేచి, పడగ పట్టినట్టు ఒక్క క్షణం నిలబడి, పక్కకి వాలింది.

అవ్వ చెంబు కింద పెట్టి రెండు చేతులూ జోడించింది.

"బుస కొడతా ఉండాది తల్లి," అంది మెల్లిగా. "కోపంగా ఉండాది."

నురగ ఇంకా వస్తూనే ఉంది.

"అవ్వా, అది పుట్ట కాదు, గని బొమ్మ," అన్నాడు పెదనాయన.

"గనా?" అవ్వ ఆయన వైపు తిరిగింది. మేము గని తీసుకోబోతున్న సంగతి వీధికంతా తెలుసు. "ఈడికేనా మీరు గునపాలు ఎత్తుకొని తవ్వను పోయేది? నీ బిడ్డని కడుపుతో ఇంట్లో పెట్టుకొని, పుట్ట తవ్వతావా సామీ నువ్వు?"

పెద్దమ్మ అక్క పొట్ట వైపు చూసింది. అక్క నవ్వు ఆపేసింది. పెదనాయన పెద్దమ్మ వైపు చూశాడు. ముప్పై ఏళ్ళు కాపురం చేసినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అలా చూసుకున్నాక ఇంక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

బెజవాడాయన తెలివైనవాడు. ఆ గదిలో ముక్కు సరిగా పనిచేస్తున్నది ఆయనకొక్కడికే. వంగి వాసన చూసి లేచాడు. "అబ్బే, ఏం లేదండీ. అది సబ్బు నురగండీ. బట్టల సబ్బు. కుర్రాడేదో కూరినట్టున్నాడు."

అందరూ నా వైపు తిరిగారు. ఆ క్షణంలో నా గతి ఏమిటో చదివేవాళ్ళు ఆలోచించాలి. సబ్బు అన్నది నిజం. ఆ నిజం నేను ఒప్పుకుంటే నాగమ్మ పోతుంది, కానీ పెదనాయన నా లెక్చరు పూర్తిగా వినలేదు, ప్రశ్న అడిగాడు గానీ జవాబు ఇంకా నా గొంతులోనే ఉంది. నాగమ్మ పోతే గని మిగులుతుంది, రేపు సంతకాలవుతాయి, రాయపురం యార్డు పోతుంది, ఇల్లంతా కప్పలున్న గుంట అంచున నిలబడుతుంది. ఒప్పుకోకపోతే యార్డు మిగులుతుంది, నా శాస్త్రం పోతుంది. ఒక మనిషి గెలవడానికీ గెలిచానని చెప్పుకోవడానికీ మధ్య ఇంత ఇరుకైన చోటు దేవుడు ఇంకెవరికీ పెట్టి ఉండడు.

పెద్దమ్మ అడిగింది. "అబ్బయా, నిజం చెప్పు. ఇది పుట్టమన్నేనా?"

"పుట్టమన్నే."

"ఆడ పుట్ట ఉండాదా?"

"ఉంది. కొరుక్కుపేట రైలు కట్ట పక్కన."

"ఆమె ఉండే ఇల్లు తవ్వి తెచ్చినావా?" అంది పెద్దమ్మ. అక్కడితో విచారణ ముగిసింది. సబ్బు గురించి నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణేమో. అడగలేదు.

అయినా నా పట్టు వదల్లేదు. "పెదనాయనా, మీరు అడిగిన ప్రశ్నకి జవాబు. ఆ నల్లదానికి అవతల ఏమీ లేదు."

"ఏమీ లేకపోవడమేందిరా," అన్నాడు పెదనాయన నురగ వైపు చేతులు జోడిస్తూ. "నాగమ్మ ఉండాది గదా."

బెజవాడాయన ఫలహారం తినకుండానే లేచాడు. తన గొడుగు తనే తీసుకున్నాడు. గడప దగ్గర నా పక్కన ఆగి, ఎవరికీ వినబడకుండా, "ఏ కొట్లో కొన్నావు బాబూ సబ్బు? నురగ బాగుంది," అన్నాడు. ఆ ఇంట్లో ఆ రోజు నా పనిని గుర్తించిన మనిషి ఆయనొక్కడే. నాకు ఆయన మీద ఉన్న కోపంలో కొంత తగ్గించుకున్నాను. గొడుగు సంగతి మాత్రం అలాగే ఉంచాను.

విజయదశమి నాడు సంతకాలకి బదులు ఇంటిల్లిపాదీ కొరుక్కుపేట వెళ్ళి, నేను తవ్విన చోట నా చేతనే మట్టి మెత్తించి, పసుపు కుంకుమ పెట్టించి, పాలు పోయించారు. అక్కకి సుఖంగా కొడుకు పుట్టాడు. వాడికి నాగమ్మ పేరు కలిపి పెట్టారు. (నా పేరు కలపవచ్చని ఎవరికీ తోచలేదు.) ఇక పెదనాయన ఈ కథ చెప్పని రోజు లేదు. హార్బరులో చెప్పాడు, చేపల రేవులో చెప్పాడు, రైల్లో ఎదుట కూర్చున్న పరాయివాళ్ళకి చెప్పాడు. ప్రతిసారీ అందులో నురగ పెరిగేది, నేను తగ్గేవాణ్ణి. మొదట "మా తమ్ముడి కొడుకు, రాళ్ళు చదివినోడు, గని బొమ్మ కట్టినాడు" అనేవాడు. తర్వాత "ఇంట్లో పిల్లోడు ఆడుకునేదానికి మన్ను తెచ్చినాడు" అన్నాడు. పట్టా చేతిలో ఉన్నవాడు మన్నుతో ఆడుకోవడమేమిటని నేను అడ్డుపడితే, వింటున్నవాళ్ళు నన్ను జాలిగా చూసేవాళ్ళు. కొన్నాళ్ళకి నేను కథలోంచి పూర్తిగా పోయాను. మన్ను దానంతటదే వచ్చింది.

బెజవాడాయన ఆ గనిని ఇంకెవరికో అంటగట్టాడు. నేను అప్పటికి ఒక చిన్న సర్వే ఉద్యోగంలో చేరాను. ఒక మధ్యాహ్నం హార్బరులో ఒక బ్రోకరు చెప్పాడు: కొత్తగా తీసుకున్నవాళ్ళు నీళ్ళు తోడించి తవ్వించి చూస్తే, నలుపు దారమంత అయ్యి తెగిపోయిందట, అవతల అంతా పచ్చరాయేనట, సామాను అమ్ముకుని వెళ్ళిపోయారట. ఆయన మాట పూర్తి కాకముందే నేను బయలుదేరాను. బస్సు కోసం ఆగలేదు. రాయపురం నుంచి తొండియార్‌పేట దాకా ఎండలో దాదాపు పరిగెత్తాను. నవ్వుకుంటూ, నాలో నేను మాట్లాడుకుంటూ, ఎదురొచ్చిన ఎడ్లబండి వాడితో కూడా చెప్పబోయి ఆపుకున్నాను. పెదనాయన వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. రొప్పుతూ మొత్తం చెప్పాను. చేతి మందం, వేలి మందం, దారం, ఏమీ లేదు. నేను అప్పుడు చెప్పింది చెప్పినట్టు. ఆయన అంతా విన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. లోపలికి తిరిగి కేకేశాడు.

"ఏమే, విన్నావా? ఆ గని తీసుకున్నోళ్ళు నాశనమైపోయినారంట. మా తల్లి నాగమ్మ మనల్ని కాపాడింది."

పెద్దమ్మ మనవణ్ణి చంకనేసుకుని బయటికి వచ్చింది, రెండో చేతిలో చెంబుడు పాలు. అప్పటికప్పుడు చెల్లించాల్సిన మొక్కట. నేను గోడకి ఆనుకుని వాదించాను. పచ్చరాయి గురించి, నలిగిన కొండల గురించి, ఎదుట ఉన్న మనిషిని వదిలి లేని పాముకి మొక్కడం గురించి. ఆమె అంతా విని, చెంబు నా చేతిలో పెట్టింది. "మన ఇంటికి ఆమెని తెచ్చింది నువ్వే గదరా అబ్బయా. నువ్వే పోసి రా పో."

ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆనాటి నేను, ఆ రాళ్ళు చదివిన కుర్రవాడు, నాకు స్పష్టంగా కనిపిస్తాడు. ఇస్త్రీ చొక్కా వీపుకి అంటుకుపోయి, మొహం కోపంతో కందిపోయి, పాలు ఒలక్కుండా చెంబుని రెండు చేతులా పట్టుకుని, రైలు కట్ట పక్కన పుట్ట ముందు వంగి, ధార పోస్తూ, "మధ్యలో లావు, కొసల్లో సన్నం, అవతల ఏమీ లేదు" అని మంత్రం చదివినట్టు చదువుతున్నాడు. వాడి మీద నవ్వొస్తుంది, ఆ వెంటనే దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వెయ్యాలనిపిస్తుంది. పెదనాయన అనలేదు, పెద్దమ్మ అనలేదు, ఇంకెవరూ అనలేదు గనక, ఇన్నాళ్ళకి నేనే అంటున్నాను: నువ్వు చెప్పింది నిజమేరా అబ్బయా.